నోరు తెరుచుకోకపోవడానికి రెండు కారణాలు: ఒక చెంప క్యాన్సర్ కేసు, మూడు ట్యూమర్ బోర్డు సమావేశాలు

యాభై నాలుగేళ్ల మగమనిషి. కుడివైపు కింది చిగురు, చెంప కలిసే గాడిలో పుండు. రెఫరల్ చీటీ మీద ‘టీ4బీ, ఆపరేషన్‌కు వీలుకాదు’ అని ఉంది. ఐదు నెలలు తిరిగేసరికి అదే మనిషికి ఆపరేషన్ జరిగింది, రేడియేషన్ కూడా పూర్తయింది. ఈ మధ్యలో ట్యూమర్ బోర్డు, అంటే అన్ని విభాగాల డాక్టర్లు కలిసి వైద్యం నిర్ణయించే బృందం, మూడుసార్లు కూర్చుంది. మొదటిసారి తీసుకున్న నిర్ణయం రెండోసారి తిరగబడింది. కొత్త మందేదీ రాలేదు, జబ్బు తగ్గలేదు. బోర్డు ముందుకు వచ్చిన సమాచారం మాత్రం మారింది. కేసును రాసిపెట్టడానికి కారణం అదే. మనిషిని గుర్తుపట్టే వివరాలు, ఊరు, వృత్తి, తేదీలు తీసేశాం.

నేపథ్యం

ఇరవై ఏళ్లకు పైగా గుట్కా, ఖైనీ అలవాటు. గుట్కా మీద నిషేధం వచ్చాక పాన్‌మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఇంకో ప్యాకెట్ కొని అరచేతిలో కలుపుకునేవాడు. తొమ్మిదేళ్లుగా షుగర్, మాత్రల మీద ఉన్నాడు. ఐదు నెలల కిందట కింది దవడ పన్ను కదులుతోందని పీకించుకున్నాడు. పన్ను తీసిన చోటు మానలేదు. (పన్ను పీకిన గుంట మూడు వారాలకు కూడా మానకపోతే, పొగాకు నమిలే మనిషైతే, అక్కడ ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇక్కడ రెండు కోర్సుల యాంటీబయాటిక్ నడిచాక పంపారు.) నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని రోజూ రెండు పూటలా వేసుకున్నాడు. తినలేక బరువు 61 కిలోల నుంచి 52కి పడింది.

పరీక్షలో నాలుగున్నర సెంటీమీటర్ల పుండు, ముందు దవడ పళ్ల నుంచి జ్ఞానదంతం వెనక దాకా. చెంప మీది చర్మం బాగానే ఉంది. కుడి దవడ కింద 2 సెం.మీ. లింఫు గ్రంథి. నోరు 14 మి.మీ. మాత్రమే తెరుచుకుంటోంది, అంటే ఒక వేలు కూడా సరిగ్గా పట్టదు. బయాప్సీలో స్క్వేమస్ సెల్ కార్సినోమా. బయట తీసిన సీటీ రిపోర్టులో ‘దవడ ఎముక తినేసింది, మాసెటర్, మీడియల్ టెరిగాయిడ్ కండరాల్లోకి వ్యాపించింది’ అని రాశారు.

ఆ రెండూ నమిలే కండరాలు. ఈ ఒక్క వాక్యం మీదే మొదటి సమావేశం నడిచింది.

మొదటి సమావేశం

గంటన్నరలో పాతిక కేసులు. ఈయన సీడీ ఆ రోజు కంప్యూటర్లో తెరుచుకోలేదు. డ్యూటీ డాక్టరు రిపోర్టు చదివాడు: టీ4బీ, నోరు తెరవలేకపోతున్నాడు, గ్రంథి ఉంది. నమిలే కండరాల్లోకి జబ్బు వెళితే నోరు బిగుసుకుపోతుంది, కాబట్టి నోరు తెరుచుకోకపోవడం ఆ రిపోర్టును బలపరిచినట్టే అందరికీ అనిపించింది. మూడు నిమిషాల్లో నిర్ణయమైపోయింది: డోసిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, 5-ఎఫ్‌యూ అనే మూడు కీమో మందులు కలిపి రెండు సైకిళ్లు ఇవ్వాలి, కణితి తగ్గితే ఆపరేషన్, తగ్గకపోతే ఉపశమన వైద్యం.

ఇది గుడ్డి నిర్ణయం కాదు. నేరుగా తీయలేనంత పెరిగిన నోటి క్యాన్సర్లకు ముందు కీమో ఇచ్చి, తగ్గినవాళ్లను ఆపరేషన్‌కు తీసుకురావడం మన దేశంలో పెద్ద కేంద్రాలు అనుసరించే పద్ధతే. కానీ మొదటి నుంచీ ఆపరేషన్‌కు వీలున్న నోటి క్యాన్సర్లో ముందు కీమో ఇస్తే రోగులు ఎక్కువకాలం బతుకుతారని ర్యాండమైజ్డ్ ట్రయల్స్‌లో తేలలేదు. అంటే మొత్తం దారి ఒకే ప్రశ్న మీద ఆధారపడి ఉంది: తీయగలమా, లేదా? ఆ ప్రశ్నకు జవాబు ఫిల్ములో ఉంది. ఫిల్ము ఎవరూ చూడలేదు.

టీ4బీ అనే పేరు కూడా ఇక్కడ దారి తప్పించింది. క్యాన్సర్ దశలను నిర్వచించే అమెరికా సంస్థ ఏజేసీసీ పాత వర్గీకరణలో టీ4ఏ అంటే తీయగలిగేది, టీ4బీ అంటే తీయలేనిది. 2010లో వచ్చిన ఏడో కూర్పు ఆ మాటలు తీసేసి టీ4ఏని ‘ఒక మోస్తరుగా ముదిరినది’, టీ4బీని ‘బాగా ముదిరినది’ అంది. నమిలే కండరాలున్న గదిలోకి జబ్బు కాస్త వెళ్లినా కాగితం మీద టీ4బీయే. కానీ ఆ గదిలో పైభాగం, కింది భాగం ఒకటి కావు. కింది దవడ పైకొసన రెండు కొమ్మల మధ్య ఉండే పల్లాన్ని సిగ్మాయిడ్ నాచ్ అంటారు. జబ్బు ఆ నాచ్‌కు కిందే ఉంటే కండరాలతో సహా మొత్తం గదిని ఒక ముద్దగా తీయవచ్చు, ఫలితాలు కూడా బాగానే ఉంటాయి. నాచ్ దాటి పైకెక్కి పుర్రె అడుగు వైపు పోతే జబ్బులేని అంచు దొరకడం కష్టం. రిపోర్టులో నాచ్ ప్రస్తావనే లేదు. అడిగినవాళ్లూ లేరు.

అమల్లో ఏమైంది

కీమో మొదలుపెట్టే రోజు రక్తపరీక్షలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 వచ్చింది. బోర్డు ఫారంలో ‘నార్మల్’ అని ఉంది, అది మూడు నెలల కిందటి 1.1ని చూసి రాసింది. 1.5 అంటే చూడటానికి కాస్త ఎక్కువలా ఉంటుంది, అంతే. లెక్క కడితే వేరు. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం ప్రకారం, 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, క్రియాటినిన్‌ను 72తో హెచ్చించిన అంకెతో భాగిస్తే: 86ని 52తో హెచ్చిస్తే 4472, దాన్ని 108తో భాగిస్తే కిడ్నీ వడపోత, అంటే క్లియరెన్స్, నిమిషానికి 41 మి.లీ. కండ కరిగిపోయిన మనిషిలో క్రియాటినిన్ తక్కువగానే కనిపించి మోసం చేస్తుంది. సిస్‌ప్లాటిన్ కిడ్నీ మీద భారం వేసే మందు, క్లియరెన్స్ 50 దాటనివాళ్లకు పూర్తి డోసు ఇవ్వరు. షుగర్ పాతది, దానికి నెలల తరబడి డైక్లోఫెనాక్, సరిగా నీళ్లు తాగకపోవడం తోడయ్యాయి.

మెడికల్ ఆంకాలజీలో అప్పటికప్పుడు మందు మార్చారు: పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. ఏయూసీ (ఒంటికి మొత్తం ఎంత మందు తగలాలో చెప్పే కొలత) 5 చొప్పున కార్బోప్లాటిన్ డోసు 5ను (41+25)తో హెచ్చిస్తే 330 మి.గ్రా. లెక్క సరైనదే. సిస్‌ప్లాటిన్ ఇవ్వకపోవడమూ సరైనదే. కానీ బోర్డు చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. మూడు మందులతో కణితి తగ్గుతుందన్న అంచనా మీద కట్టిన పథకం ఇది. ఆ మందులు ఇవ్వలేనప్పుడు పథకం మొత్తాన్ని మళ్లీ అడగాలి: ‘రెండు మందులతో తగ్గే అవకాశం తక్కువ, మరి ఆపరేషన్ ప్రశ్న మళ్లీ తెరుద్దామా?’ ఆ ప్రశ్న ఎవరి దగ్గరికీ చేరలేదు.

పదో రోజు జ్వరం, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, 300కి పడ్డాయి. ఆరు రోజులు వార్డులో ఉండాల్సి వచ్చింది. రెండో సైకిల్ వాయిదా పడింది. పుండు తగ్గలేదు, గ్రంథి 2 నుంచి 2.6 సెం.మీ.కు పెరిగింది. మొదటి సమావేశం నుంచి లెక్కేస్తే ఐదు వారాలు దాటాయి.

ఇంకోవైపు రోగికి ఒక్కో గదిలో ఒక్కో మాట చెప్పారు. ఓపీలో ‘కీమోతో తగ్గాక ఆపరేషన్ చేస్తాం’ అన్నారు. వార్డులో ‘ఆపరేషన్ కుదరదు కాబట్టే కీమో’ అన్నారు. డిశ్చార్జి కాగితంలో ‘పాలియేటివ్’, అంటే ఉపశమనానికే, అనే మాట పడింది. అది చదివించుకున్న బావమరిది ‘ఇక లాభం లేదంట, ఆకు మందుకు తీసుకుపోదాం బావా’ అన్నాడు. వాళ్లు వెళ్లిపోకుండా ఆపింది ఏ డాక్టరూ కాదు. కేస్ కోఆర్డినేటర్ ఫోన్ చేసి, ‘పెద్ద డాక్టర్లందరూ మళ్లీ కూర్చుంటున్నారండీ, గురువారం దాకా ఆగండి’ అని చెప్పింది.

రెండో సమావేశం

ఈసారి కేసు పెట్టిన తీరు మారింది. ముందురోజే రేడియాలజిస్టు పాత సీడీని పాక్స్‌లోకి, అంటే స్కాన్లు చూసే ఆసుపత్రి కంప్యూటర్ వ్యవస్థలోకి, ఎక్కించి చూసి, చాలదని చెప్పారు. స్లైసులు 5 మి.మీ. మందంగా ఉన్నాయి, పళ్ల లోహపు నీడలు పడ్డాయి. కొత్తగా ఏం తీయాలి? కిడ్నీ ఇలా ఉండగా అయోడిన్ కాంట్రాస్టుతో మళ్లీ సీటీ వద్దనుకున్నారు. ఎముక కోసం కాంట్రాస్టు లేని 1 మి.మీ. సీటీ, కండరాల కోసం ఎంఆర్ఐ తీశారు.

ఎంఆర్ఐలో మాసెటర్ కండరం ముందు కింది పోగుల్లో కణితి స్పష్టంగా ఉంది. మీడియల్ టెరిగాయిడ్ ఉబ్బింది, టీ2 రకం ఎంఆర్ఐ చిత్రాల్లో తెల్లగా మెరిసింది, కానీ అందులో గడ్డలాంటిది లేదు. నాచ్ కింద కొవ్వు పొర చెక్కుచెదరలేదు. టెరిగాయిడ్ ప్లేట్లు, పుర్రెలోకి నరం పోయే రంధ్రం మామూలుగా ఉన్నాయి. రేడియాలజిస్టు మాట: ‘ఇది వాపులా ఉంది, వ్యాప్తి అని ఖాయంగా అనలేను.’

మరి నోరు ఎందుకు తెరుచుకోవడం లేదు?

జవాబు మొదటి రోజు ఓపీ చీటీలోనే ఉంది. హౌస్ సర్జన్ రాసిన ఒక లైను: ‘రెండు చెంపల్లో గట్టి పట్టీలు, ఆరేళ్లుగా కారం తింటే మంట, నోరు క్రమంగా బిగుస్తోంది.’ ఇది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, వక్క నమిలేవాళ్లలో చెంప లోపలి పొర తాడులా బిగుసుకుపోయే జబ్బు. కణితి వల్ల నోరు బిగిస్తే వారాల్లో, నెలల్లో బిగుస్తుంది, చాలావరకు ఒకవైపు నొప్పితో. ఫైబ్రోసిస్ వల్ల అయితే ఏళ్ల మీద, రెండువైపులా. ఈయన భార్యను అడిగితే మూడేళ్ల కిందటే అన్నం ముద్ద చిన్నది చేసుకుని తినేవాడని చెప్పింది. కుడివైపు కణితి ఉన్నంతమాత్రాన ఎడమ చెంపలో పట్టీలు రావు. మొదటి సమావేశంలో రిపోర్టును బలపరిచినట్టు కనిపించిన లక్షణం నిజానికి వేరే జబ్బుది.

దీంతో ప్రశ్న మారిపోయింది. హెడ్ అండ్ నెక్ సర్జన్ వాదన గమనించదగ్గది. మీడియల్ టెరిగాయిడ్‌లో ఉన్నది వాపా, వ్యాప్తా అని తేల్చడానికి ఇంకో స్కాన్ అక్కర్లేదన్నారు. ఆ కండరాన్ని ఎముకకు అంటుకున్న చోటి నుంచి మొత్తంగా తీసేస్తే, స్కాన్ చదివింది తప్పైనా అంచు దొరుకుతుంది. నాచ్ పైన శుభ్రంగా ఉందన్నది ఒక్కటే కచ్చితంగా కావాలి, అది ఉంది. ఒక అంచనా తప్పినా నిలబడే పథకం ఎంచుకోవడం, అంచనాను ఇంకా కచ్చితం చేయడానికి వారాలు పోగొట్టుకోవడం కంటే మేలు.

ఆ తర్వాత చర్చ ఎక్కువసేపు నడిచింది పునర్నిర్మాణం మీద. ప్లాస్టిక్ సర్జన్ కాలి ఎముకతో, అంటే ఫ్రీ ఫిబ్యులాతో, దవడ కట్టాలన్నారు. ముఖం వంకర తక్కువ, తర్వాత పళ్లు కట్టుకునే వీలుంటుంది. ఎదురు వాదన: పోయేది దవడ వెనక భాగం, గదుమ కాదు. వెనక భాగానికి ఎముక లేకపోయినా మనిషి నెట్టుకురాగలడు. తొమ్మిది కిలోలు తగ్గాడు, ఈ మధ్యే న్యూట్రోఫిల్స్ పడిపోయాయి, కిడ్నీ సగం పనిచేస్తోంది, షుగర్ ఉంది. రక్తనాళాలు కలిపే సుదీర్ఘ ఆపరేషన్‌లో ఫ్లాప్, అంటే తెచ్చి అతికించిన భాగం, చచ్చిపోతే రేడియేషన్ నెల వెనక్కి పోతుంది. చివరికి ఛాతీ కండరంతో, పీఎంఎంసీ ఫ్లాప్‌తో, మూయాలని తీర్మానం. దాని లోపాలు ఫారంలో రాశారు: మెడ బిగుసుకుంటుంది, మిగిలిన దవడ కుడివైపుకు జారుతుంది, ఛాతీ వెంట్రుకలు నోట్లో పెరుగుతాయి (రేడియేషన్‌తో చాలావరకు రాలిపోతాయి). ప్లాస్టిక్ సర్జన్ అసమ్మతిని కూడా పేరుతో సహా రాశారు. అసమ్మతి రాయని బోర్డులో ఆ అభిప్రాయం తర్వాత వార్డులో రోగి చెవిన పడుతుంది.

మొదటిసారి పిలవని ముగ్గురు ఈసారి గదిలో ఉన్నారు. అనస్థీషియా డాక్టరు, 14 మి.మీ. నోట్లోంచి గొట్టం వేయలేం కాబట్టి మెలకువలోనే ముక్కులోంచి ఫైబర్‌ఆప్టిక్ స్కోపుతో వేసి, చివర్లో ట్రాకియాస్టమీ, అంటే ఊపిరికి మెడ ముందు రంధ్రం, చేయాలన్నారు. డైటీషియన్ రెండు వారాలు ముక్కు గొట్టం ద్వారా తిండి పెట్టమన్నారు: కిలో బరువుకు 30 కిలో కేలరీలు, 1.2 గ్రాముల ప్రొటీన్, మొదటి నాలుగు రోజులు సగమే, పొటాషియం, ఫాస్ఫేట్ చూసుకుంటూ. చాన్నాళ్లు తినని మనిషికి ఒక్కసారి పూర్తిగా పెడితే ఫాస్ఫేట్ పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

దంత వైద్యురాలు చెప్పిన సంగతి అందరూ మరిచిపోయేదే. రేడియేషన్‌కు ముందు పాడైన పళ్లు తీసి, గుంటలు మానడానికి రెండు మూడు వారాలు ఆగాలి. ఈయన నోట్లో చేయి పట్టదు కాబట్టి ఆపరేషన్ తర్వాత విడిగా తీయడం ఇంకో యుద్ధం. అందుకే అదే మత్తులో పాడైన పళ్లన్నీ తీసేసి, ఎడమ చెంప పట్టీలు కోసి, నోరు తెరుచుకునేలా దవడ ఎడమవైపు కొరోనాయిడ్ ఎముక కొస కూడా తీయాలని చేర్చారు.

డైక్లోఫెనాక్ ఆపి పారాసిటమాల్, ట్రమడాల్ ఇచ్చారు. ఆరోగ్యశ్రీలో కీమో కోసం పెట్టిన ప్రీఆథ్ (ముందస్తు అనుమతి) మూసి సర్జరీకి కొత్తది పెట్టడం ఎవరి పనో పేరు రాశారు. రోగితో మాట్లాడేది సర్జన్ ఒక్కరే, ఆ మాటలే డిశ్చార్జి కాగితంలోనూ ఉండాలి అనుకున్నారు.

ఆపరేషన్, మూడో సమావేశం

ఆపరేషన్ అనుకున్నట్టే సాగింది. పెథాలజీ: కణితి 4.8 సెం.మీ., లోతు 14 మి.మీ., మాసెటర్‌లో జబ్బు ఉంది, మీడియల్ టెరిగాయిడ్‌లో లేదు, అక్కడ వాపు, పీచు మాత్రమే. దగ్గరి అంచు 6 మి.మీ. నరాల వెంట పాకింది. మెడలో 38 గ్రంథుల్లో మూడింట్లో జబ్బు, ఒకదాని గోడ దాటి 3 మి.మీ. బయటికి వచ్చింది.

ఈ చివరి వాక్యమే మూడో సమావేశానికి విషయం. గ్రంథి గోడ దాటినా, అంచులో జబ్బు మిగిలినా రేడియేషన్‌తో పాటు కీమో కలపాలని 2004లో వచ్చిన యూరప్, అమెరికా ట్రయల్స్ రెండూ కలిపి చూసిన విశ్లేషణ చెప్పింది. ఆ కీమో సిస్‌ప్లాటిన్. తిండి, నీళ్లు పడ్డాక క్రియాటినిన్ 1.3కి దిగింది, బరువు 53. క్లియరెన్స్ లెక్క 48.7. ‘యాభైకి దగ్గరే కదా, వారానికి ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 40 మి.గ్రా. చొప్పున సిస్‌ప్లాటిన్ ఇద్దాం’ అని ఒక వాదన వచ్చింది. తోసిపుచ్చడానికి కారణం అంకె కాదు, వాలు. నోరు పుండై నీళ్లు తాగలేని నాలుగో వారంలో ఆ 48 ఎంతకు పడుతుందో చెప్పలేం. సిస్‌ప్లాటిన్‌కు పనికిరానివాళ్లలో వారానికి చదరపు మీటరుకు 15 మి.గ్రా. డోసిటాక్సెల్ కలిపితే రెండేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 30.3 నుంచి 42 శాతానికి పెరిగారని 2023లో మన దేశపు ట్రయలే చూపింది. అదే తీసుకున్నారు, వారానికి 23 మి.గ్రా. నోటి పుండ్లు ఎక్కువవుతాయని ముందే తెలుసు కాబట్టి ముక్కు గొట్టం తీయలేదు.

రేడియేషన్ ఆపరేషన్ తర్వాత 38వ రోజున మొదలైంది, ఆరు వారాల గడువు లోపలే. ఆపరేషన్ చేసిన ప్రాంతానికి 60 గ్రే (రేడియేషన్ డోసు కొలత), గోడ దాటిన గ్రంథి ఉన్నచోట 66 గ్రే, 33 సిట్టింగులు. ఊరు దూరం. మొదట ‘రోజూ బస్సులో వచ్చి కరెంటు పెట్టించుకుని పోతాను’ అన్నాడు. మూడో వారం నుంచి అది జరిగే పని కాదు. ధర్మశాలలో గది దొరికేదాకా ప్లానింగ్ సీటీకి తేదీ ఇవ్వకూడదని సామాజిక కార్యకర్త పట్టుబట్టింది, సరైన పట్టుదల. డోసిటాక్సెల్ ఏడు వారాలకు ఐదే పడింది, పుండ్ల వల్ల రెండు ఆపారు. రేడియేషన్ మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

ఏది పనిచేసింది, ఎందుకు

ట్యూమర్ బోర్డులకు ఆధారాలు లేకపోలేదు. బ్రిటన్‌లో 1995 నాటి కాల్‌మన్-హైన్ నివేదిక తర్వాత ఇవి వ్యవస్థగా మారాయి. గ్లాస్గో ప్రాంతంలో రొమ్ము క్యాన్సర్‌కు బహుళ విభాగాల బృందాలు వచ్చాక, అవి లేని పక్క ప్రాంతాలకంటే మరణాలు 18 శాతం తక్కువని 2012లో ప్రచురించారు. అయితే 2006లో బ్రిటన్‌దే ఇంకో అధ్యయనం, అన్నవాహిక, కడుపు క్యాన్సర్ల మీద, బోర్డు నిర్ణయాల్లో సుమారు 15 శాతం అమలు కాలేదని చూపింది. ప్రధాన కారణాలు రెండు: రోగికున్న ఇతర జబ్బులు, రోగి ఇష్టం. ఈ కేసులో మొదటి నిర్ణయం పడిపోయింది మొదటి కారణంతోనే, దాదాపు పడిపోబోయింది రెండోదానితో.

కేసు తర్వాత ఫారం మార్చారు. ‘నోరు ఎంత తెరుచుకుంటుంది’ పక్కన ‘ఎన్నాళ్లుగా, ఒకవైపా రెండువైపులా’ చేరింది. క్రియాటినిన్ గడి తీసేసి, వారం లోపలి రక్తపరీక్షతో లెక్కగట్టిన క్లియరెన్స్ గడి పెట్టారు. ఇప్పటి బరువు, మూడు నెలల కిందటి బరువు. బస ఎక్కడ. రోగి ఏమన్నాడు, అతని మాటల్లోనే. నాచ్‌కు పైనా, కిందా అన్నది రేడియాలజిస్టు స్వయంగా నింపాలి, ఫిల్ము ముందురోజు సాయంత్రం నాలుగింటికల్లా పాక్స్‌లో లేకపోతే ఆ కేసు ఆ వారం రాదు. దీని మీద విసుగు ఇప్పటికీ ఉంది. అత్యవసరమైతే ఏం చేయాలని అడుగుతారు. నోటి క్యాన్సర్లో ఒక వారం ఆగడం వేరు, తప్పు దారిలో ఐదు వారాలు నడవడం వేరు.

మాట్లాడే వరుస కూడా మారింది. దశ ఏమిటో మొదట చదవరు. ముందు పరీక్ష చేసినవాళ్లు చూసింది చెప్పాలి, ఎంత జూనియరైనా సరే. తర్వాత ఫిల్ము, తర్వాత స్లైడు, దశ చివర్లో. మొదట ‘టీ4బీ’ అని వినిపిస్తే, తర్వాత కనిపించే ప్రతిదీ దానికి సాక్ష్యంలాగే తోస్తుంది. టైము కోసం మొదటి దశ నాలుక క్యాన్సర్లలాంటి మామూలు కేసులను ప్రోటోకాల్ ప్రకారం జాబితాలో చదివి వదిలేస్తున్నారు. పాతిక కేసులు తొమ్మిది పది అయ్యాయి.

మందు మారితే, డోసు పావు వంతుకు మించి తగ్గితే, సైకిల్ రెండు వారాలు జారితే కేసు దానంతట అదే తిరిగి జాబితాలోకి వస్తుంది. దీనికి కోఆర్డినేటర్ దగ్గర తేదీల రిజిస్టరు ఉంది. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

కీమోలో పోయిన ఐదు వారాలకే గ్రంథి గోడ దాటిందా, ముందే దాటి ఉందా అన్నది ఈ ఫలితాల నుంచి తేల్చలేం. తేల్చినట్టు రాయడం సరికాదు.

పద్దెనిమిది నెలలకు కణితి తిరిగి రాలేదు. నోరు 24 మి.మీ. తెరుచుకుంటోంది, ఐస్‌క్రీమ్ పుల్లల కట్టతో రోజుకు ఐదుసార్లు వ్యాయామం చేస్తున్నాడు, వారం మానేస్తే 2, 3 మి.మీ. పోతోంది. మెత్తటి అన్నం, పప్పు తింటాడు, కారం తగలకూడదు. కుడి పెదవి మొద్దుబారింది, తాగేటప్పుడు నీళ్లు కారతాయి. దవడ కుడికి జారింది, ప్లాస్టిక్ సర్జన్ చెప్పినంతా జారింది. వక్క, పొగాకు మానేశాడు, కానీ ఎడమ చెంప పాత ఫైబ్రోసిస్‌తోనే ఉంది. అక్కడ ఈ మధ్య కనిపించిన తెల్లమచ్చలో బయాప్సీ చేస్తే తేలికపాటి డిస్‌ప్లేసియా, అంటే ముందుముందు క్యాన్సర్ కాగల కణాల మార్పు, వచ్చింది. మచ్చ తీసేయడమా, మూడు నెలలకోసారి ఫోటోతో చూడటమా అన్నది వచ్చే గురువారం జాబితాలో ఉంది.